పొగమంచు లేని మంగళవారం

ఏడున్నరకి కదలాల్సిన పడవ
ఏడూ పదికే కదిలింది,
సాల్మన్ చేపల కంపెనీ అతిథులు ఆరుగురు
తొందరలో ఉన్నారని.
పడవ పేరు లా పసియెన్సియా. ఓర్పు అని అర్థం.

రేవు మెట్ల మీద మిగిలినవాళ్ళు తొమ్మిది మంది,
రెండు బంగాళాదుంపల బస్తాలు.
ఆ తొమ్మిదిలో ఒకడు బౌదీలియో,
వారానికి మూడుసార్లు కాస్త్రో ఆసుపత్రికెళ్ళి
రక్తం కడిగించుకుని వచ్చే మనిషి.

నా పని మాటలు.
చిలోయె దీవుల మధ్య తిరిగే నాలుగు పడవలకీ
నేనొక్కదాన్నే నోరు.

"వాతావరణ పరిస్థితుల కారణంగా" అని మొదలుపెట్టాను.
మా ఆఫీసులో అది అరిగిన చెప్పులాంటి వాక్యం,
ఏ కాలికైనా పడుతుంది.
దోన్ ఎలియోదోరో నా భుజం మీదుగా చదివి
"పొగమంచు అని రాయి,
అది మన మీద కేసు వెయ్యదు" అన్నాడు.
రాశాను.
చివర ఒక నీలం గుండె బొమ్మ కూడా పెట్టాను.

పదకొండు నిమిషాలకి మొదటి జవాబు.
ఫ్రెసియా పెట్టిన ఫోటో, వాళ్ళ దండెం:
దుప్పట్లు, పిల్లల మేజోళ్ళు,
గడ్డి మీద కత్తెరతో కోసినట్టు పొడవాటి నీడలు.
మాట ఒక్కటి లేదు.
మూలన టైము మాత్రం ఉంది. ఏడూ పన్నెండు.

తర్వాత ఎవరో బడిపిల్లాడి కిటికీ,
సముద్రం అవతల అగ్నిపర్వతం, తలమీది తెల్లటోపీతో సహా.
తర్వాత ఎండకి బోర్లా పడుకున్న కుక్క.
తర్వాత
వెళ్ళిపోతున్న మా పడవ వెనక భాగం,
ఓర్పు, ఒక్కో అక్షరం చదవగలిగేంత స్పష్టంగా.

మధ్యాహ్నానికి అరవై మూడు ఆకాశాలు.
అంత నీలాన్ని ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు.

ఒంటిగంటకి, పోయిన వారం నేనే అమర్చి మర్చిపోయిన ప్రకటన
దానంతటదే బయటికొచ్చింది:
"సముద్రం మీకోసం ఎదురుచూస్తోంది!"
కింద ఎవరో రాశారు:
సముద్రం చూసింది, పడవే చూడలేదు.

శాంతియాగో నుంచి వచ్చి మాకు పాఠాలు చెప్పినాయన
మొదటి గంటలోపే స్పందించమన్నాడు,
వాదించొద్దన్నాడు,
తప్పు అనే మాట తప్ప ఏదైనా వాడమన్నాడు.
"అసౌకర్యం" అనమన్నాడు.
ఎంత మెత్తని మాట, లోపల దూది కుక్కిన మాట.
బౌదీలియో కాళ్ళలో నీరు చేరితే
దాన్నేమనాలో ఆ రోజు నేనడగలేదు.

"అన్నీ తీసెయ్" అన్నాడు ఎలియోదోరో.
వేలు ఫ్రెసియా దండెం మీద పెట్టాను.
తీసేస్తే తెర మీంచి పోతుంది,
రేపు రొట్టెల కొట్టు వరసలో నా వెనకే నిలబడుతుంది.
నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు గానీ
ఆ మాట పుట్టేనాటికి ఊరి చేతిలో ఫోన్లు లేవు.

చీకటి పడ్డాక రాశాను:
పొగమంచు లేదు.
అతిథుల కోసం ఇరవై నిమిషాలు ముందు బయల్దేరాం.
తొమ్మిది మందిని వదిలేశాం.
అబద్ధం రాసింది నేను.

ఆయన "అతిథుల కోసం" కొట్టేశాడు.
ఆయన కోటు తొడుక్కుంటుండగా మళ్ళీ పెట్టాను,
గుండె బొమ్మ లేకుండా వదిలాను.
దీవిలో సగం మందికి గుట్ట ఎక్కితే తప్ప సిగ్నల్ అందదు గనక
ఒక కాగితం మీదా అచ్చువేసి
రేవు బోర్డుకి నాలుగు మూలలా మేకులు కొట్టాను.
గాలికి ఒక మూల అప్పుడే చిరిగింది.

గురువారం బౌదీలియో ఆ బోర్డు ముందు ఆగాడు.
మంగళవారం ఎవరో ఆల్చిప్పల పడవలో
మధ్యాహ్నం దాటించారట.
కళ్ళద్దాలు తుడుచుకుని
వాక్యం కింద వేలు పెట్టి, నిదానంగా, రెండుసార్లు చదివాడు.
నేను ఒక మాట సిద్ధం చేసుకుని ఉన్నాను.
నిజమైనదే.

"అది సరేనమ్మా," అన్నాడు,
"శనివారం పడవ ఎన్నింటికి?"

ఏడున్నరకి, అన్నాను.

ఆయన గడియారం చూసుకోలేదు.
నా నోటి వైపు చూశాడు.